ఈ నవల ఇప్పుడే ఇవ్వొచ్చా?

పెనుకొండ కోటగోడల కింద, కూలిన మహళ్ల మధ్య పెరిగిన ఒక పిల్లవాడు బడి వయసులోనే ఆ శిథిలాల మీద కావ్యం రాశాడు. ఆ పిల్లవాడు పుట్టపర్తి నారాయణాచార్యులు, కావ్యం ‘పెనుగొండ లక్ష్మి’. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కట్టినప్పుడు చదవాల్సిన పుస్తకాల్లో అదీ ఒకటి! చిన్నతనంలో రాసిన పుస్తకమే పెద్దల పరీక్షలో పాఠమై ఎదురొచ్చిందన్నమాట. అదే పెనుకొండలో అప్పటి సబ్ కలెక్టర్ భార్య పిట్ దొరసాని ఆయనకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పింది. ఏ పుస్తకం ఏ వయసుకని ఆమె లెక్కలు వేసుకుందో లేదో గానీ, ఆ పిల్లవాడికి పుస్తకంతో పాటు పక్కన ఒక మనిషి కూడా దొరికింది. నవల తగునా తగదా అన్న చర్చలో చాలామంది మరిచిపోయేది ఆ పక్కనున్న మనిషినే.

అందరు పిల్లలూ పుట్టపర్తులు కారు. హిందూపురంలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి అటక మీది పెట్టెలోంచి ఒక పాత నవల తీసుకుని మూలన కూర్చుందనుకుందాం. తల్లికి రెండు భయాలు ఒకేసారి పుడతాయి. వద్దంటే ఉన్న ఒక్క మంచి అలవాటూ పోయి ఫోన్ పట్టుకుంటుంది. సరేనంటే లోపల ఏముందో తెలియదు. సినిమాకైతే ఇంత తంటా లేదు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక యూఏ సర్టిఫికెట్‌లోనే 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి. నవల అట్ట మీద అలాంటి ముద్ర ఏదీ ఉండదు. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి ఇస్తున్న బాలసాహిత్య పురస్కారం 9 నుంచి 16 ఏళ్ల పిల్లల పుస్తకాలను లెక్కలోకి తీసుకుంటుంది. నాలుగో తరగతి పిల్లాడినీ, ఇంటర్‌లో చేరబోయే కుర్రాడినీ ఒకే గాటన కట్టడం బహుమతి నిబంధనలకు సరిపోతుందేమో గానీ, పుస్తకం చేతిలో పట్టుకుని ఆలోచనలో పడ్డ తల్లికి ఏ మూలకూ రాదు.

అందుకే అందరూ దగ్గరి దారులు వెతుకుతారు. అన్నిటికన్నా పాతది: కథలో పిల్లలుంటే అది పిల్లల పుస్తకం. ఈ సూత్రం ప్రకారం యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నాలుగో తరగతి వాళ్లకు ఇవ్వాలి, ఎందుకంటే కథంతా తులసి అనే చిన్నపిల్ల చుట్టూనే తిరుగుతుంది. ఆ పిల్ల మీద చేతబడి, కాష్మోరా! అది చదివాక రాత్రిపూట దీపం ఆర్పడానికి పెద్దవాళ్లే జంకారు. ఇక ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’లో మాట్లాడేదంతా పసివాడే. కానీ బాబాయి గురించీ, రెండుజెళ్ల సీత గురించీ వాడు అమాయకంగా చెప్పేవాటిలో సగం చురకలు పెద్దలకే అందుతాయి. అయినా ‘బుడుగు’ను పదేళ్ల పిల్లల చేతికివ్వడానికి వెనకాడక్కర్లేదు. పిల్లలు ఒక చోట నవ్వుతారు, పెద్దలు ఇంకో చోట నవ్వుతారు, ఎవరి నవ్వు వాళ్లది. రెండు పుస్తకాల్లోనూ పసిపిల్లలే ఉన్నా, ఒకటి వెంటనే ఇవ్వొచ్చు, ఒకటి ఆగి ఇవ్వాలి. కథలో ఉన్నవాళ్ల వయసు ఇక్కడ ఏమీ తేల్చలేదు.

రెండో దగ్గరి దారి అట్టబొమ్మ. అద్దె పుస్తకాల షాపులు ఊరూరా నడిచిన రోజుల్లో మధుబాబు షాడో నవలలను నోట్‌బుక్కుల మధ్య దాచుకుని చదివిన తరం ఒకటుంది. తుపాకీ, తలకిందులుగా పేలిపోతున్న కారు, పక్కన ఒక అమ్మాయి: ఆ అట్టలు చూసి పెద్దలు మండిపడేవారు. లోపల ఉన్నవి చాలావరకు వెంటపడటాలూ, ఫైటింగులూ. పదమూడేళ్ల వాడికి అవి చేసిన చెరుపు కన్నా, పేజీ తిప్పే వేగం నేర్పిన మేలే ఎక్కువని చెప్పవచ్చు.

మూడోది బూతుమాట. పుస్తకం అక్కడక్కడా తిరగేసి, అసభ్యమైన మాట కనబడకపోతే మంచి పుస్తకమని ముద్ర వేస్తారు. ఈ పరీక్షలో బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ సునాయాసంగా గట్టెక్కుతుంది. కానీ తల్లి మీద లోకం వేసిన నింద నీడలా వెంటాడే దయానిధి కథ పన్నెండేళ్ల పిల్లలకు పట్టదు. వాళ్లకు చెడు చేస్తుందని కాదు, విసుగు పుట్టిస్తుంది. ఆ విసుగే వాళ్లకు కాపలా. నాలుగు పేజీలు చదివి వాళ్లే మూసేస్తారు. అసలు జాగ్రత్త కావలసింది ఆ పరీక్షలో గట్టెక్కి, పిల్లల్ని విసిగించకుండా లోపలికి లాక్కునే పుస్తకాల విషయంలో. శరత్ ‘దేవదాసు’ అలాంటిది. ఒక్క అసభ్యమైన మాట ఉండదు. ప్రేమించిన మనిషి దక్కకపోతే తాగి తాగి చావడంలో ఒక గొప్పతనం ఉందని మాత్రం పదిహేనేళ్ల మనసుకు అనిపించగలదు. పార్వతి వైపు నుంచీ, చంద్రముఖి వైపు నుంచీ ఆ కథను మళ్లీ చెప్పించే పెద్దవాళ్లు పక్కనుంటే అదే పుస్తకం మంచి పాఠం అవుతుంది.

అసలు ‘ఏ వయసుకు ఏది’ అన్న లెక్క ఈ సీమలో అంత పాతదేమీ కాదు. ఇంటిపేరులోనే ధర్మవరం ఉన్న రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలు పని చేస్తూ నాటకాలు రాసి ఆంధ్ర నాటక పితామహుడు అనిపించుకున్నాడు. ఆయన ‘విషాద సారంగధర’లో సవతి తల్లి కొడుకు మీద మనసు పడుతుంది, కాదన్నందుకు నింద వేస్తుంది, తండ్రి కొడుకు కాళ్లూ చేతులూ నరికిస్తాడు. సారంగధర కథను ఆ నాటకంగానే కాకుండా ఇంకా రకరకాలుగా ఊళ్లలో ఆడారు. చూసినవాళ్లలో అవ్వ ఒళ్లో కూర్చున్న పిల్లలూ ఉన్నారు. వాళ్లెవరూ చెడిపోలేదు. ఒళ్లో కూర్చున్నారు కాబట్టి. భయమేస్తే అవ్వ కొంగులో ముఖం దాచుకునే వీలుంది, “ఎందుకవ్వా నరికినారు?” అని అడిగితే బదులు చెప్పే మనిషుంది. నవల అలా కాదు. దుప్పటి కింద, ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా చదివేది. నాటకంలో చెల్లిపోయింది నవలలో చెల్లకపోవడానికి సగం కారణం ఇదే.

మరి ఒక నవలను ఎలా చూడాలి? మొత్తం చదివే తీరిక చాలామంది తల్లులకూ, పంతులమ్మలకూ ఉండదు. మూడు చోట్ల చదివితే చాలావరకు తేలిపోతుంది: మొదటి పది పేజీలు, కథలో అన్నిటికన్నా ఘోరం జరిగే చోటు, చివరి అధ్యాయం. మొదటి పేజీలు భాష సంగతి చెప్పేస్తాయి. చివరి అధ్యాయం పిల్లవాడిని ఏ మనసుతో వదిలిపెడుతుందో చెబుతుంది. ఎక్కువసేపు ఆగవలసింది మధ్యలో.

ఆ ఘోరమైన చోట అడగాల్సింది ‘ఏం జరిగింది’ అని కాదు, ‘ఎవరి పక్క నుంచి చూపించారు’ అని. రాయలసీమ పిల్లల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. సీమ అంటే వేటకొడవళ్లు, నాటుబాంబులు, జీపుల వరస అని సినిమాలు ఏళ్ల తరబడి చూపించాయి. ఫ్యాక్షన్ ఉన్న నవలంతా పిల్లలకు పనికిరానిదనుకోవడం పొరపాటు. హత్య జరిగాక కథ ఎటు పోతుందో చూడాలి. చంపినవాడి వెంట నడుస్తూ తర్వాతి పగ కోసం మీసం తిప్పితే అది పదిహేనేళ్ల కుర్రాడికి ఒక ఆశ చూపిస్తున్నట్టే. చచ్చినవాడి ఇంట్లోనే కాసేపు కూర్చుని, కర్మకాండలయ్యాక ఆ భార్య ఏ కూలికి పోయిందో, ఆ కొడుకు ఏ తరగతిలో బడి మానేశాడో చెబితే, ఎంత రక్తం ఉన్నా ఆ నవల ఇవ్వొచ్చు.

ఆత్మహత్య ఉన్న చోట ఇంకాస్త గట్టిగా ఉండాలి. గోథే నవల ‘వెర్థర్’ 1774లో వచ్చింది. ప్రేమ దక్కని కుర్రాడు తుపాకీతో కాల్చుకునే కథ అది. చదివిన కుర్రాళ్లు అదే బాట పడుతున్నారన్న భయంతో మరుసటి ఏడే లీప్‌జిగ్ నగరంలో దాన్ని నిషేధించారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ విలేకరులకూ, సినిమా తీసేవాళ్లకూ ఇచ్చే సలహాల్లో ముఖ్యమైనవి రెండున్నాయి: ఎలా చనిపోయారో వివరంగా చూపించవద్దు, అదొక్కటే దారి అన్నట్టు చెప్పవద్దు. నవలను చూసేటప్పుడూ ఈ కొలతలే పెట్టుకోవచ్చు. పద్ధతి పూసగుచ్చినట్టు ఉంటే, చావు తర్వాత అందరూ ఏడ్చి తప్పు ఒప్పుకుంటే, ఆ పుస్తకం ఆగాలి. చనిపోవాలనుకున్న పాత్ర ఎవరితోనో నోరు విప్పి, సాయం దొరికి నిలబడితే అది పదమూడేళ్లకే ఇవ్వదగింది.

ఇంతవరకూ పుస్తకం సంగతి. పిల్లవాడి సంగతి వేరే ఉంది. ధర్మవరంలో గుంట మగ్గం ఉన్న ఇంట్లో, బడి నుంచి రాగానే కండెలు చుట్టే అమ్మాయి ఒకతె ఉందనుకుందాం. పట్టు ధర పెరిగిందనీ, షావుకారు అడ్వాన్సు ఇంకా తీరలేదనీ రోజూ వినే పిల్ల. చేనేత కుటుంబాల్లో అప్పుల చావులు ఆ ఊళ్లో పేపర్లో చదివి పక్కన పెట్టే వార్తలు కావు. అప్పుల్లో కూరుకుపోయిన నేతగాడి కథను అదే తరగతిలోని బ్యాంకు ఉద్యోగి కూతురు ‘అయ్యో పాపం’ అని చదివేస్తుంది. ఈ పిల్ల మాత్రం తన నాయననే అందులో చూసుకుంటుంది. వయసు ఒకటే, తరగతి ఒకటే, నవల ఒకటే. అయినా ఒకే తీర్పు ఇద్దరికీ సరిపోదు. అలాగని ఈ పిల్ల నుంచి ఆ పుస్తకాన్ని దాచడమూ న్యాయం కాదు. తన ఇంటి కష్టం అచ్చులో కనబడితే, తామొక్కరమే ఇలా ఉన్నామన్న సిగ్గు కొంత తగ్గవచ్చు. ఇచ్చేటప్పుడు “మధ్యలో బాధనిపిస్తే మూసెయ్, మళ్లీ ఎప్పుడైనా చదువుకోవచ్చు” అని ఒక మాట అనాలి. మొదలుపెట్టింది పూర్తి చేయాలన్న క్రమశిక్షణ లెక్కల పుస్తకానికి, నవలకు కాదు.

పుస్తకాన్ని దాని మీద తీసిన సినిమాతో కొలవడం ఇంకో తిప్పలు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ తానా నవలల పోటీలో 2019లో బహుమతి పొందింది. కరువులో నీళ్లూ మేతా కరవైతే కాపరులు గొర్రెల మందలను నల్లమల అడవికి తోలుకుపోతారు. వాళ్లతో పాటు చదువుకుని ఉద్యోగం రాని కుర్రాడు ఒకడు వెళతాడు. పులి భయం, చీకటి భయం, ఊళ్లో కష్టాలు, పెద్దల కబుర్లు కలిసి వాడి పిరికితనాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. 2021లో సినిమా తీసినప్పుడు నవలలో లేని ప్రేమకథ ఒకటి చేర్చారు. సినిమా చూసిన తండ్రి “అందులో లవ్వు ఉంది, ఇప్పుడే వద్దు” అన్నాడంటే, లేనిదాన్ని బూచిగా చూపి ఉన్న మంచి పుస్తకాన్ని ఆపినట్టే. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ రోడ్డు మీద గొర్రెల మంద అడ్డొస్తే హారన్ కొట్టే కుర్రాళ్లకు, ఆ మంద వెనక నడిచే మనిషి ఎవరో ఈ నవల చెబుతుంది. పదమూడేళ్లు దాటిన ఎవరికైనా నిశ్చింతగా ఇవ్వొచ్చు.

చిక్కల్లా భాషతో. ‘కొండపొలం’ కడప మాటల్లో ఉంటుంది, హిందూపురం వాళ్లకు పెద్ద దూరం కాదు. అయితే హిందూపురం పిల్లల్లో ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడ, బళ్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు బోలెడు మంది. కొందరిళ్లలో ఉర్దూ. ఇంగ్లీషు మీడియంలో పద్నాలుగేళ్లకు వచ్చిన పిల్లవాడి ఆలోచన పద్నాలుగేళ్లదే గానీ, తెలుగు చదివే వేగం ఏ తొమ్మిదేళ్ల దగ్గరో ఆగిపోయి ఉంటుంది. వాడికి తొమ్మిదేళ్ల వాళ్ల కుందేలు కథలు ఇస్తే అవమానపడతాడు, వయసుకు తగ్గ నవల ఇస్తే రెండు పేజీల్లో చతికిలబడతాడు. ఒక పేజీ చదివించి, తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు మడవమంటే పిడికిలి మూసుకునేలోపే సంగతి అర్థమవుతుంది. అయిదు వేళ్లూ మడిస్తే పుస్తకం మార్చనక్కర్లేదు, పద్ధతి మార్చాలి. పెద్దవాళ్లెవరైనా పైకి చదివి వినిపించాలి. ఇలాంటి పిల్లలకు చెవికి అందేది కంటికి అందేదాని కన్నా నాలుగడుగులు ముందే ఉంటుంది. రోజుకు అరగంట చదివితే నెలలో ఓ మాదిరి నవల పూర్తవుతుంది. ఘోరమైన చోటు వచ్చినప్పుడు ఆగి మాట్లాడే అవకాశమూ అందులోనే దొరుకుతుంది.

ఈ వయసు పిల్లలకు తెలుగులో ఉన్న కొరతను ఒకప్పుడు నండూరి రామమోహనరావు మార్క్ ట్వెయిన్‌ను తెచ్చి తీర్చాడు. టామ్ సాయర్, హకిల్‌బెరీ ఫిన్ ఇద్దరూ ఆయన చేతి మీదుగానే తెలుగు కుర్రాళ్లయ్యారు. ‘కాంచనద్వీపం’ అనువాదం కూడా నండూరిదే. ఆ హకిల్‌బెరీ ఫిన్‌నే 1885లో అమెరికాలోని కాంకర్డ్ గ్రంథాలయం మొరటు పుస్తకమని బయట పెట్టింది. కుర్రాడు అబద్ధాలాడతాడు, పెద్దల మాట వినడు, మాట తీరు బాగుండదని వాళ్ల బాధ. వందేళ్లు గడిచేసరికి అభ్యంతరం మారిపోయింది. నల్లవాళ్లను కించపరిచే మాట అందులో పేజీ పేజీకీ ఉందన్నది ఇప్పటి గొడవ. మన పాత నవలల్లోనూ కులం పేరును తిట్టుగా వాడిన మాటలు, ఆడవాళ్లను చులకన చేసే సామెతలు ఇలాగే కనబడతాయి. రాసినవాళ్ల దృష్టికి అవి తప్పుగా తోచి ఉండవు. తరగతిలో కూర్చున్న పిల్లల్లో ఆ మాట తగిలేవాడు ఒకడు ఉండవచ్చు. అలాంటి పుస్తకాన్ని తరగతిలో అందరి ముందూ చదివించే ముందు టీచరు ఆ పేజీలు చూసుకుని తీరాలి. ఇంట్లో ఒంటరిగా చదివే పుస్తకం కన్నా, తరగతిలో పైకి చదివే పుస్తకానికి ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఇక ఊరికే దారి చూపడానికి ఒక అంచనా. తొమ్మిది, పది, పదకొండేళ్ల వాళ్లకు ‘రైలుబడి’ పేరుతో తెలుగులోకి వచ్చిన టొట్టొచాన్ కథ, కలువకొలను సదానంద ‘అడవితల్లి’, ‘కాంచనద్వీపం’. పదమూడు దాటాక ‘కొండపొలం’, ‘బారిస్టరు పార్వతీశం’, యుద్ధాల రక్తానికి తట్టుకోగలిగితే తెన్నేటి సూరి ‘చెంఘిజ్‌ఖాన్’. ‘తులసిదళం’ కూడా ఈ వయసుకే, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపే ఊళ్లు ఇంకా ఉన్నాయన్న సంగతి చెప్పి మరీ ఇవ్వాలి. అనంతపురం ప్రాంతపు 18వ శతాబ్దాన్ని చెప్పే బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. సొంత నేల చరిత్ర కాబట్టి బడి పిల్లలకే ఇచ్చేయాలని కొందరికి ఉత్సాహం. కులం, కరువు, ఆడవాళ్ల మీద పెత్తనం అందులో ఏ ముసుగూ లేకుండా ఉంటాయి. పదహారు దాటే దాకా ఆగితే ఆ పుస్తకానికీ న్యాయం, చదివేవాళ్లకూ న్యాయం.

ఏ అంచనా అయినా ఒక్క ఇంట్లో పనికొచ్చినంతగా ఊరంతటికీ పనికిరాదు. అందుకే బడి గ్రంథాలయంలో గానీ, ఊరి శాఖా గ్రంథాలయంలో గానీ ప్రతి నవల అట్ట లోపల ఒక చీటీ అంటించే పని మొదలుపెట్టడం మంచిది. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఉపన్యాసాలకు పోయే సమయంలో సగం చాలు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్న తల్లిదండ్రులు ఈ మాత్రం అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. చీటీ మీద ‘పెద్దలకు మాత్రమే’ అని రాస్తే సాయంత్రానికి ఆ పుస్తకం మాయమవుతుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయాలి: “సగం దాటాక ఒక హత్య, రాత్రిపూట వద్దు. చివర బాగుంటుంది.” “పిల్లను ఏడిపించే సన్నివేశాలున్నాయి. అక్కతో కలిసి చదవండి.” “మొదటి యాభై పేజీలు నెమ్మది, ఓపిక పట్టండి.” మొదటి చీటీ టీచరు రాసినా, తర్వాతివి చదివిన పిల్లలనే రాయనివ్వాలి. పెద్దలు భయపడ్డ చోటు ఒకటైతే పిల్లలు భయపడ్డ చోటు ఇంకొకటని రెండు మూడు చీటీల్లోనే బయటపడుతుంది. పేరు రాయమనకూడదు. ఏ తరగతో రాస్తే సరిపోతుంది.